ఘనత ఆటగాడిదా, ఆట పద్ధతిదా?

(మన సంఘం వార్షికోత్సవ సభలో, సూరత్‌లో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "సుబేదార్ గారూ, ఈసారి మీరు ఇరవై నిముషాలు మాట్లాడాలి" అన్నారు. "దేని గురించి సార్?" అని అడిగాను. "మీ ఇష్టం, కాకపోతే పోయినేడు చెప్పిందే చెప్పకండి" అన్నారు. నవ్వకండి, నిజంగానే అన్నారు. అందుకని ఈసారి ఆట గురించి మాట్లాడదామనుకున్నాను. ఆటతో మొదలుపెట్టి చివరికి ఎక్కడికి వస్తానో నాకు తెలుసు, మీరు కాస్త ఓపిక పట్టండి.

మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. ఒకసారి వాడు ఫోన్‌లోనే పక్కనున్న స్నేహితుడితో గట్టిగా వాదులాడుతున్నాడు. ఏమిట్రా అంటే, అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ సంగతి. అమెరికా ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు. వైపుకి పదకొండు మందే ఆడతారు గాని, బంతి కోలగా ఉంటుంది, ఎక్కువగా చేత్తోనే ఆడతారు. బంతిని అందుకుని, ఎవరికి ఇవ్వాలో, ఎటు విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకునే వాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టుకి వాడే కథానాయకుడు. గెలిస్తే వాడి ఫోటోయే పేపర్లో పడుతుంది.

అయితే అక్కడ ఒక పాత తగువుంది. టెక్సాస్ టెక్ అనే యూనివర్సిటీకి 2000 నుంచి 2009 వరకు మైక్ లీచ్ అనే కోచ్ ఉండేవాడు. ఆయన పద్ధతి పేరు 'ఎయిర్ రైడ్'. ఎయిర్‌ఫోర్స్ సోదరులు సంతోషించాలి, పేరు మీదే. అంటే పరుగు తక్కువ, గాల్లోంచి బంతి విసరడం ఎక్కువ. ఆ పద్ధతిలో 2003లో బి.జె. సైమన్స్ అనే కుర్రాడు ఒక్క సీజన్‌లో 5,833 గజాలు విసిరాడు. కాలేజీ ఆటలో అప్పటికి అది రికార్డు. కాని అతనికి ముందు ఆడినవాడూ వేల గజాలు విసిరాడు, తరువాత ఆడినవాడూ విసిరాడు. దాంతో జనం ఏమన్నారంటే, "ఇది కుర్రాడి గొప్ప కాదు, కోచ్ పద్ధతి గొప్ప. ఆ చోట ఎవర్ని నిలబెట్టినా విసురుతాడు" అని. సైమన్స్ ప్రొఫెషనల్ లీగ్‌లో నిలదొక్కుకోలేకపోయాడు. "చూశారా, మేం చెప్పలేదా" అన్నారు. ఆ తరువాత కొన్నేళ్ళకి అదే యూనివర్సిటీ నుంచి పాట్రిక్ మహోమ్స్ వచ్చాడు. ఇతన్నీ మొదట అలాగే అనుమానించారు. అతను 2020, 2023, 2024 సంవత్సరాల్లో మూడు సూపర్ బౌల్ ఫైనళ్ళు గెలిచి కూర్చున్నాడు. ఇప్పుడు ఎవరి మాట నిజం?

మా అబ్బాయి ఆటగాడి పక్షం, వాడి స్నేహితుడు పద్ధతి పక్షం. "నాన్నా, నువ్వు చెప్పు" అన్నాడు. నాకా ఆట సరిగా తెలియదు. కాని ఆ ప్రశ్న తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళు ఫౌజ్‌లో ఉన్నవాడికి ఆ ప్రశ్న తెలియకుండా ఎలా ఉంటుంది? ఫోన్ పెట్టేశాక రాత్రంతా ఆలోచించాను. నాకు గుర్తొచ్చింది డల్లాస్ కాదు, హైదరాబాద్. గుర్తొచ్చిన మనిషి రహీం సాబ్.

మీలో చాలామంది 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసే ఉంటారు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడి పంతులు. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. మన సైన్యం వాళ్ళు నడిపే డ్యూరాండ్ కప్‌ను కూడా నాలుగుసార్లు ఎత్తుకుపోయింది. కలకత్తా పెద్ద పెద్ద క్లబ్బులు ఉండగా, కానిస్టేబుళ్ళు, హెడ్ కానిస్టేబుళ్ళతో కూడిన జట్టు ఈ పని చేసింది.

ఎలా చేసింది? రహీం సాబ్ కుర్రాళ్ళకి విచిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతితో ఎవరూ డ్రిబ్లింగ్ చెయ్యకూడదు. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించాలి. ఇంకో పోటీలో బలమైన కాలు వాడకూడదు, చేతకాని కాలితోనే ఆడాలి. చూసేవాళ్ళకి నవ్వు వచ్చేదేమో. కాని దాని వెనక ఆలోచన చూడండి. బంతి దగ్గర పెట్టుకుని నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకునే ఆట మన వాళ్ళకి ఇష్టం. ఆయన ఆ చప్పట్లు మాన్పించి, బంతి మనిషి కంటే వేగంగా కదలాలని నేర్పారు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ వాళ్ళు నలుగురు వెనక, ఇద్దరు మధ్య, నలుగురు ముందు నిలబడే 4-2-4 పద్ధతిని లోకమంతటికీ చూపించారు. రహీం సాబ్ అంతకు ముందునుంచే ఆ దారిలో ఆలోచిస్తూ వచ్చారని ఆట తెలిసిన వాళ్ళు చెబుతారు.

మరి అంతా పద్ధతే అనుకుందామా? ఆగండి. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో కూడా ఆయనే కోచ్. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. ఎంత మంచి పద్ధతి అయినా కాలికి బూటు, చేతిలో మనిషి లేకపోతే ఏం చేస్తుంది? నాలుగేళ్ళు తిరిగేసరికి, 1956లో మెల్‌బోర్న్‌లో అదే రహీం సాబ్ జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీ ఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్ళీ ఆ యుగోస్లావియాయే ఎదురైంది, 4-1తో ఓడాం. కాంస్యం కూడా బల్గేరియాకి పోయింది, మనకి నాలుగో స్థానం మిగిలింది. ఇప్పటికీ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనం చేరిన ఎత్తు అదే.

ఇద్దరి సంగతి మీకు చెప్పాలి. ఒకరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. మనలో చాలామంది ఆ ప్రాంతంలో ఉద్యోగం చేసినవాళ్ళమే, అమ్ముగూడ స్టేషన్ తెలియనివాడు ఉండడు. బీద కుటుంబం. రహీం సాబ్ కంటపడి, హైదరాబాద్ జట్టు ప్రాక్టీసుకి రమ్మంటే "అంత దూరం రోజూ రావడానికి డబ్బుల్లేవు సాబ్" అన్నాడట. ఆయన రోజుకి ఒక రూపాయి ఇచ్చారు, సైకిల్ అద్దెకి. ఆ రూపాయి సైకిల్ మీద వచ్చిన కుర్రాడు 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. బలరాం గారు 2023లో కన్నుమూశారు.

రెండోవారు పీటర్ తంగరాజ్. ఈయన మనవాడు, ఫౌజీ. హైదరాబాద్‌లో పుట్టి, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరారు. మొదట ఆయన ఆడింది సెంటర్ ఫార్వర్డ్. ఆ తరువాత గోల్ కీపర్ అయ్యారు. ఆసియాలోనే మేటి గోల్ కీపర్ అనిపించుకున్నారు. 1955, 1958 సంవత్సరాల్లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ డ్యూరాండ్ కప్ గెలిచింది. మద్రాస్ రెజిమెంట్ సోదరులు ఎవరైనా ఉంటే ఇక్కడ ఒకసారి చప్పట్లు కొట్టవచ్చు. ఇప్పుడు చెప్పండి, ఆ పొడుగాటి మనిషిని గోల్ ముందుకి తెచ్చి నిలబెట్టకపోతే ఆ గొప్ప బయటపడేదా? నిలబెట్టినంత మాత్రాన ప్రతివాడూ తంగరాజ్ అయ్యేవాడా?

1962 జకార్తా ఆసియా క్రీడలు ఈ ప్రశ్నకి ఇంకా మంచి ఉదాహరణ. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తరువాత థాయ్‌లాండ్‌తో ఆడేటప్పుడు మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అందరూ ఆయన పని అయిపోయిందనుకున్నారు. రహీం సాబ్ ఆయన్ని సెమీ ఫైనల్లో దించారు, అదీ డిఫెన్స్‌లో కాదు, సెంటర్ ఫార్వర్డ్‌గా. తలకి కట్టుతో సెమీస్‌లో ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్ కొట్టాడు ఆ సర్దార్జీ. జ్వరంతో పడుకున్న తంగరాజ్ ఫైనల్‌కి లేచి వచ్చారు. మైదానం నిండా జనం మనకి వ్యతిరేకంగా అరుస్తున్నారు. సెప్టెంబరు 4న పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ చేసి అదే కొరియాని 2-1తో ఓడించారు. బంగారు పతకం.

ఇది ఎవరి ఘనత? కోచ్ ఆలోచన అంటే, పగిలిన తలతో బంతిని కొట్టింది కోచ్ కాదు. ఆటగాడి తెగువ అంటే, డిఫెండర్‌ని ముందుకి పంపే తెగువ చేసింది ఆటగాడు కాదు.

మరుసటి ఏడాది, 1963 జూన్‌లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో చనిపోయారు. ఆటగాళ్ళు ఒక్కసారిగా ఎక్కడికీ పోలేదు. 1964 ఆసియా కప్‌లో మనది రెండో స్థానం. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం, కెప్టెన్ మళ్ళీ హైదరాబాద్ వాడే, సయ్యద్ నయీముద్దీన్. అంటే ఆ చెట్టు నీడ కొన్నేళ్ళు ఉంది. తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి పతకం లేదు. 1960 తరువాత ఒలింపిక్స్‌కి అర్హతే లేదు. రాష్ట్రం సంగతి చూస్తే, హైదరాబాద్ 1956-57, 1957-58లో సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆంధ్రప్రదేశ్ 1965-66లో గెలిచింది. అంతే. అప్పటినుంచి 2024-25 దాకా మన తెలుగు నేలకి ఆ కప్పు రాలేదు.

ఈ విషయం నన్ను చాలా కాలం బాధపెట్టింది. అంత గొప్ప పద్ధతి ఉంటే, మనిషి పోగానే అదెందుకు పోయింది? నాకు తోచిన జవాబు ఇది. ఆ పద్ధతి రహీం సాబ్ తలలో ఉంది, ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్ళ కాళ్ళలో ఉంది. అది ఏ ఆఫీసు ఫైల్లోనూ లేదు, ఏ సంస్థ నిత్యకృత్యంలోనూ చేరలేదు. పంతులుగారు పోయారు, బడి కట్టలేదు. ఆయన కుమారుడు హకీం గారు రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, మన ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్‌గా రిటైరయ్యారు, అంతర్జాతీయ రెఫరీ కూడా. ఆయన బతికున్నంత కాలం ఆటకి సేవ చేశారు. కాని ఒక కుటుంబం మోసే బరువు కాదది.

దీనికి ఎదురుగా మన సర్వీసెస్ జట్టుని చూడండి. 1960-61లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. తరువాత యాభై ఏళ్ళు మళ్ళీ రాలేదు. 2011-12 నుంచి 2023-24 వరకు మాత్రం ఆరుసార్లు గెలిచింది. ఆ ఆరు జట్లలో ఉన్నవాళ్ళు ఒకరు కారు. పోస్టింగులు, కోర్సులు, రిటైర్మెంట్లు, మన సంగతి మనకు తెలియనిదా? సినిమా హీరోలా పేరు మోగిన ఆటగాడు కూడా అందులో లేడు. మనుషులు మారుతూనే ఉన్నారు, జట్టు గెలుస్తూనే ఉంది.

ఇక మనం కూర్చున్న ఊరి సంగతికి వస్తాను.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. తాపీ వరద నీళ్ళు, ఎత్తని చెత్త, తెరిచిన మురుగు. యాభై మందికి పైగా చనిపోయారు. లక్షలాది జనం రైళ్ళు, బస్సులు, లారీలు పట్టుకుని ఊరు వదిలి పారిపోయారు. అందులో లింబాయత్, ఉధ్నా వైపు మగ్గాల మీద పనిచేసే మన వరంగల్, కరీంనగర్, నల్లగొండ పద్మశాలి కుటుంబాలూ ఉన్నాయి. మా పక్కింటి అవ్వ ఇప్పటికీ చెబుతుంది, "బిడ్డా, మూటకట్టుకునే టైము గూడ లేకుండె" అని. దేశంలో సూరత్ పేరెత్తితే ముక్కు మూసుకునే రోజులవి.

1995 మేలో సూర్యదేవర రామచంద్ర రావు గారు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. అందరూ ఎస్.ఆర్. రావు అంటారు. ఇంటిపేరు వినగానే మనవాళ్ళ ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది, అది సహజం. ఆయన చేసిందేమిటో సైనికులకి సులువుగా అర్థమవుతుంది. నగరాన్ని ఆరు జోన్లు చేశారు. ఒక్కో జోన్‌కి ఒక అధికారి, ఆ అధికారికి తన జోన్‌లో కమిషనర్ అధికారాలు. ఏసీ గదుల్లోంచి లేచి అధికారులంతా పొద్దున్నే వీధుల్లో ఉండాలి. "ఏసీ నుంచి డీసీకి" అని దానికొక పేరు. ఏసీ అంటే చల్లటి గది, డీసీ అంటే రోజువారీ పని. మధ్యాహ్నం అందరూ కలిసి సమీక్ష. రాత్రిళ్ళు రోడ్లు ఊడ్పించడం మొదలుపెట్టారు. చెత్త వేసినవాడికి అక్కడికక్కడే జరిమానా. ఆక్రమణలు తొలగించేటప్పుడు పేదవాడి బండితో కాక పెద్దవాడి గోడతో మొదలుపెట్టారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండేళ్ళు నిండకుండానే ఆయనకి బదిలీ అయింది. కాని అప్పటికే దేశంలో చండీగఢ్ తరువాత శుభ్రమైన నగరం సూరత్ అని ఇన్‌టాక్ సంస్థ ప్రకటించింది. 1998లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు మన తగువు మళ్ళీ వేసుకుందాం. 1994లో ఉన్నదీ అదే కార్పొరేషన్, అదే చట్టం, అదే ఉద్యోగులు. మనిషి మారగానే ఊరు మారింది. కాబట్టి ఘనత మనిషిదే. సరే. కాని ఆయన వెళ్ళిపోయి ఎన్నేళ్ళయింది? 2006 ఆగస్టులో ఉకాయి డ్యామ్ నీళ్ళు వదిలినప్పుడు సూరత్‌లో చాలా భాగం మునిగింది. మన మూడు దళాలూ సహాయానికి వచ్చాయి. నీళ్ళు తీశాక వీధుల్లో బురద, చచ్చిన పశువులు. జనానికి మళ్ళీ 1994 భయం పట్టుకుంది. ప్లేగు రాలేదు. కార్పొరేషన్ మనుషులు జోన్ల వారీగా దిగి ఊరిని కడిగేశారు. అప్పుడు రావుగారు లేరు. 2020, 2021, 2022 స్వచ్ఛ సర్వేక్షణ్‌లలో సూరత్‌ది రెండో స్థానం, 2023లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం. అప్పుడూ ఆయన లేరు. మరి ఈ ఘనత ఎవరిది?

రహీం సాబ్ కథకీ, రావుగారి కథకీ తేడా ఇక్కడే ఉంది. ఒకరిది గుండెలో మిగిలింది, ఇంకొకరిది ఆఫీసు అలవాటులో మిగిలింది. దీనికి రహీం సాబ్‌ని తప్పుపట్టడం లేదు. రావుగారి చేతిలో ఒక కార్పొరేషన్, బడ్జెట్, చట్టం ఉన్నాయి. రహీం సాబ్ చేతిలో ఒక విజిల్, సైకిల్ అద్దెకి ఒక రూపాయి ఉన్నాయి. ఆయన తరువాత ఆ పని అందుకోవాల్సినవాళ్ళు అందుకోలేదు, అంతే.

ఇంకొక మాట. రాత్రి ఒంటిగంటకి ఉధ్నా దర్వాజా దగ్గర చీపురు పట్టుకున్న ఆ తల్లికి పద్మశ్రీ రాలేదు, సర్టిఫికెట్ కూడా రాలేదు. మనిషా పద్ధతా అని మనం కొట్టుకుంటుంటే, మధ్యలో ఆ చీపురు ఎవరికీ గుర్తుండదు.

నా సొంత కథ ఒకటి చెప్పి ముగింపుకి వస్తాను. నేను హవల్దారుగా ఉండగా మా యూనిట్ ఫుట్‌బాల్ జట్టు బాధ్యత నాకిచ్చారు. మా దగ్గర ఒక మణిపురీ కుర్రాడు ఉండేవాడు, లెఫ్ట్ వింగ్. గాలి లాంటివాడు. నేను మిగతా పదిమందికీ చెప్పింది ఒకటే, "బంతి దొరికితే వాడికి ఇవ్వండి." ఆ ఏడు కప్పు గెలిచాం. బడాఖానాలో నన్ను పొగిడారు, నేనే పెద్ద కోచ్‌నని నమ్మేశాను. మరుసటి ఏడు వాడికి పోస్టింగ్ వచ్చింది. మొదటి రౌండులోనే ఓడాం, అదీ నాలుగు గోల్స్‌తో. నేను పోస్టింగ్ పంపినవాళ్ళని తిట్టుకుంటూ కూర్చున్నాను. మా సుబేదార్ సాబ్ ఒకాయన పక్కన కూర్చుని టీ తాగుతూ మెల్లగా అన్నారు, "నువ్వు జట్టుని తయారు చెయ్యలేదురా. ఒకడికి పదిమందిని కాపలా పెట్టావు." ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఓడిపోయిన పదిమందిలో ఇద్దరు మంచి ఆటగాళ్ళు ఉన్నారని, వాళ్ళ కాలికి నేనెప్పుడూ బంతి నిలవనివ్వలేదని నాకప్పుడు తెలిసింది. అది నా తప్పు. ఆ ఇద్దరికీ నేను క్షమాపణ చెప్పలేదు. ఇవాళ మీ ముందు చెబుతున్నాను.

రిటైరయ్యాక సూరత్ వచ్చి హజీరా వైపు ఒక కర్మాగారంలో సెక్యూరిటీ ఉద్యోగానికి వెళ్ళాను. ఇంటర్వ్యూలో ఒక యువకుడు అడిగాడు, "అంకుల్, మీరు చెప్పినదంతా ఆర్మీ సిస్టమ్ కదా. అందులో మీ సొంతం ఏమిటి?" మర్యాదగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగం ఇచ్చారు గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీలో చాలామందికి ఇలాంటి రాత్రి గడిచే ఉంటుంది. యూనిఫాం విప్పి మేకుకి తగిలించాక, అద్దం ముందు నిలబడినవాడు ఎవరు? ఇన్నేళ్ళు నడిచింది నేనా, నన్ను నడిపించారా?

జవాబు రెండు నెలలకి దొరికింది. అక్కడ షిఫ్ట్ మారేటప్పుడు తాళాలు ఎవరి దగ్గరున్నాయో ఎవరికీ తెలిసేది కాదు. మనకి హ్యాండింగ్ ఓవర్, టేకింగ్ ఓవర్ ఒంట్లో రక్తం కదా. నేనొక రిజిస్టరు పెట్టాను. తాళం, టైము, సంతకం, రాత్రి జరిగిన విశేషం. మొదట్లో కుర్రాళ్ళు గొణిగారు. తరువాత అలవాటైపోయింది. నేర్పింది ఫౌజే, కాదనను. కాని అక్కడ ఫౌజ్ లేదు, నన్ను అడిగే సీవో సాబ్ లేడు, రోల్ కాల్ లేదు. అయినా ఆ రిజిస్టరు తెరిచింది ఈ చెయ్యి. అదీ నా సొంతం. నేను ఆ ఉద్యోగం మానేసి మూడేళ్ళయింది. పోయిన దీపావళికి మిఠాయి ఇవ్వడానికి గేటు దగ్గరికి వెళితే, నన్ను ఎరగని ఒక కొత్త కుర్రాడు ఆ రిజిస్టరులోనే నా చేత సంతకం పెట్టించి లోపలికి పంపాడు. పద్మశ్రీ వచ్చినా అంత సంతోషం ఉండేది కాదేమో.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మన ఇంట్లో ఒక చిన్న తగువుంది. అందరికీ తెలుసు, చెప్పడానికి మొహమాటపడుతున్నారు. లింబాయత్ నేతకార్మికుల పిల్లలకి మన వాళ్ళు పొద్దున్నే పరుగు, పుల్ అప్స్ నేర్పిస్తున్నారు. కార్పొరేషన్ తెలుగు బడిలో చదివి, తండ్రితో పాటు మగ్గం మీద కూర్చోవాల్సిన పిల్లలు భర్తీకి తయారవుతున్నారు. కొందరు ఎంపికయ్యారు కూడా. ఎంపికైన పిల్లల ఫోటోలు ఈ సంచికలో వెయ్యాలా, నేర్పిన ఉస్తాద్ ఫోటో వెయ్యాలా, సంఘం పేరు పెద్దక్షరాల్లో వెయ్యాలా అని కమిటీలో మాట పెరిగింది. నేర్పే మన ఉస్తాద్ అన్నయ్య చిన్నబుచ్చుకుని నాలుగు రోజులు గ్రౌండుకి రాలేదు. ఆ నాలుగు రోజులూ పిల్లలు వచ్చి, గేటు దగ్గర కాసేపు నిలబడి, తిరిగి వెళ్ళిపోయారు.

సోదరులారా, ఈ నాలుగు రోజుల సంగతే నన్ను భయపెడుతోంది. ఒక మనిషి రాకపోతే ఆగిపోయిందంటే, మనం ఇంకా రహీం సాబ్ దశలోనే ఉన్నాం. ఆ మనిషి గొప్పవాడు కాబట్టే ఆగింది, అదీ నిజమే. ఆయన గౌరవం ఆయనకి దక్కాలి. ఫోటో వెయ్యండి, శాలువా కప్పండి, నేనే కప్పుతాను. దానితో పాటు ఆయన ఏ వారం ఎంత దూరం పరిగెత్తిస్తున్నారో, 1600 మీటర్లలో మొదటి చుట్టు ఎంత మెల్లగా వెళ్ళమంటున్నారో, కాలి పిక్క పట్టేస్తే ఏం చేయిస్తున్నారో, ఇంట్లో రొట్టె, పప్పు తప్ప ఏమీ లేని పిల్లవాడిని ఏం తినమంటున్నారో ఒక నోట్ బుక్‌లో రాయించండి. ఆయనకి రాయడం ఇష్టం లేకపోతే పక్కన కూర్చుని నేను రాస్తాను. ఇంకో ఇద్దరు ఆయన కింద నేర్చుకోవాలి. నాకు మోకాళ్ళు సహకరించవు గాని, స్టాప్ వాచ్ పట్టుకునేందుకు మోకాళ్ళు అక్కర్లేదు.

మా అబ్బాయికి ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు. వచ్చే ఆదివారం చెబుతాను. ఒరేయ్, ఆ జట్టు గెలిచినప్పుడు క్వార్టర్‌బ్యాక్‌ని మెచ్చుకోండి, బంతి విసిరింది వాడే. కోచ్‌ని మెచ్చుకోండి, దారి చూపింది ఆయనే. వాడి మీదికి ఎవరూ రాకుండా అడ్డం నిలబడి దెబ్బలు తిన్న వాళ్ళ పేర్లు ఒకసారి కనుక్కోండి. అన్నిటికంటే ముందు, వాళ్ళంతా వెళ్ళిపోయాక వచ్చే ఏడు ఆ గ్రౌండులో పొద్దున్నే ఎవరు తలుపు తీస్తారో చూసుకోండి.

రేపు పొద్దున్న అయిదున్నరకి నేను గ్రౌండు దగ్గర ఉంటాను. ఉస్తాద్ అన్నయ్య వస్తానని నిన్న రాత్రి మాటిచ్చారు. ఇంకెవరు వస్తారో వాళ్ళు ఇప్పుడు చెయ్యెత్తక్కర్లేదు, వస్తే చాలు.